అప్పలసూరి పార

సముద్రం మీద డాక్యుమెంటరీ చెయ్యమని నాకు పని అప్పజెప్పింది సముద్రంలోకి ఎవ్వరూ వెళ్ళకూడని రెండు నెలల్లో. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజను పడవ ఏదీ నీళ్ళలో దిగకూడదు. ఈ ముక్క హైదరాబాదు ఆఫీసులో కూర్చున్న దేవిశ్రీకి ఫోనులో నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ ఆవిడ, "అర్థమైంది సూర్యకళగారూ, కానీ ఓపెనింగ్‌లో బోటు బయల్దేరే సౌండ్ మాత్రం పడాలి" అంది.

నా పని మనుషుల మాటలు రికార్డు చేసి, కోసి, అతికించి, చెవికి కథలాగా వినిపించడం. బొమ్మ ఉండదు. ఫోనులో పెట్టుకుని బస్సులోనో వంటింట్లోనో వినే రకం. దేవిశ్రీ వాళ్ళ కంపెనీ అలాంటివి చేయించి తమ యాప్‌లో పెడుతుంది. గంట నిడివిది ఒకటి చేసి చూపిస్తే ఉత్తరాంధ్ర మీద ఐదు భాగాల సిరీస్ నాకే ఇస్తామన్నారు. అంశం నేనే చెప్పాను. ఏ మిషనూ లేని రోజుల్లో మా జాలర్లు నడిసముద్రంలో చోటు ఎలా గుర్తుపట్టేవాళ్ళు అని. మా నాన్న గురువులు నలభై ఏళ్ళు వేట చేసినవాడు. ఇంట్లోనే మనిషి ఉన్నాక ఇంకేం కావాలి అనుకున్నాను. ఇంట్లో మనిషిని రికార్డు చెయ్యడమంత దరిద్రగొట్టు పని ఇంకోటి లేదని ఆ వేసవిలోనే తెలిసింది.

రోజూ పొద్దున్నే మధురవాడ ఫ్లాట్ నుంచి స్కూటీ మీద మా పేటకి వెళ్ళేదాన్ని. వలల షెడ్డు కింద నాన్న చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించుకుని కుడుతుండేవాడు. కళ్ళకి శుక్లాలు వచ్చాయి. వల కుట్టడానికి కళ్ళక్కర్లేదంటాడు. అలాంటి మనిషి, ముందు మైకు పెట్టగానే మా నాన్న కాకుండా పోయేవాడు.

"మత్స్యకార సోదరులందరికీ నమస్కారం," అని మొదలెట్టేవాడు, టీవీవాళ్ళు వచ్చినట్టు.

"నాన్నా, నాతో మాటాడు. మామూలుగా."

"మామూలుగానే మాటాడతన్నాను గదే. ప్రభుత్వం వారు మాకు..."

"ప్రభుత్వం ఒద్దు నాన్నా. పారల గురించి సెప్పు."

"పారల గురించి ఏటి సెప్పమంతావ్? ఉంటాయి. కిందుంటాయి." మళ్ళీ వల మీదకి వంగిపోయేవాడు.

పార అంటే సముద్రం అడుగున ఉండే రాతి గుట్ట. రాయి ఉన్నచోట చేప ఉంటుంది. పైనుంచి చూస్తే అన్నీ నీళ్ళే, కింద రాయి ఎక్కడుందో తెలియాలంటే ఒడ్డు మీది కొండనీ చెట్టునీ గోడనీ ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా వరసపెట్టి చూసుకోవాలి. ఆ వరసనే గుర్తు అంటారు. ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిదే, బయటికి పొక్కనివ్వరు. మా తాత అప్పలసూరి మా నాన్నకి చెప్పిపోయిన గుర్తు ఒకటుందని పేటంతా తెలుసు. అదేమిటో మా పడవ ఎక్కేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు, మా అమ్మకి కూడా. ఆడపిల్లకైతే అసలే చెప్పరు, పెళ్ళయి వెళ్ళి అత్తారి పడవకి చేరేస్తుందని భయం. నాకు ముప్పై ఆరేళ్ళు. పెళ్ళీ లేదు, అత్తారి పడవా లేదు. అయినా చెప్పలేదు.

పక్కన ఎండుచేపల గంపకి గోనెపట్టా కడుతున్న అమ్మకి నన్ను చూస్తే నవ్వు. మా అమ్మ అప్పాయమ్మ నవ్విందంటే ఎవరికో మూడినట్టే. "ఇంట్లో నోరు ముయ్యమన్నా ముయ్యడు. ఈ డబ్బా ఎడితే సాలు, మూగోడైపోతన్నాడు. ఆ డబ్బా ఇక్కడే ఒగ్గీసి పోయే గుంటా, నా సెవులకి సుకం," అంది. ఆ మాట రికార్డయింది. మొదటి పది రోజుల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

పడవ చప్పుడు సంగతి మా తమ్ముడు బాబీ చూస్తానన్నాడు. వాడు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు, షిఫ్టు లేని రోజు నాన్నతో వేటకి. "సౌండే గదా అప్పా," అని ఇంజన్ని నీళ్ళ డ్రమ్ములో దింపి స్టార్ట్ చేశాడు. రిపేరు చేశాక ఇంజను ఆడుతోందో లేదో అలాగే చూస్తారు. పేటంతా పొగ. హైదరాబాదు పంపితే దేవిశ్రీ, "జనరేటర్‌లా ఉందండీ. సముద్రం ఫీల్ రావట్లేదు. అలల సౌండ్ మా లైబ్రరీలోంచి వేసేస్తాంలెండి," అంది. వేసింది కూడా. ఏ దేశపు అలలో. మా ఒడ్డున అల విరిగాక వెనక్కి పోతూ ఇసకని లాక్కుపోయే చప్పుడు ఒకటుంటుంది, అది అందులో లేదు. ఆ మాటే చెప్తే, వినేవాళ్ళకి అంత తెలీదంది.

"ఎమోషన్ కూడా తగ్గిందండీ. ఫాదర్ ఎక్కడైనా కన్నీళ్ళు పెట్టుకున్నారా?"

"వల కుడుతుంటే వేలికి సూది గుచ్చుకున్నప్పుడు పెట్టుకున్నాడు."

ఆవిడ నవ్వలేదు. రాసుకున్నట్టుంది.

మే నెల సగం గడిచేసరికి నా దగ్గర పదిహేను గంటల రికార్డింగు, అందులో పది నిమిషాల సరుకు ఉన్నాయి. రోజూ ఎండలో వెళ్ళడం, నాన్న నమస్కారాలు రికార్డు చేసుకుని తిరిగి రావడం. మానేద్దామా అనుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున్న నాన్నే పిలిచాడు. షెడ్డు కింద ఇంకెవరూ లేరు.

"ఆ డబ్బా ఇలా ఎట్టు," అన్నాడు. పెట్టాను.

"ఎర్రలైటు ఎలిగిందా?"

"ఎలిగింది."

కాలి వేలి నుంచి వల విప్పి పక్కన పెట్టాడు. ఆయన చేతిలో వల లేకుండా మాట్లాడ్డం నేను చూడ్డం అదే మొదలు.

"ఇది అప్పలసూరి పార. మా అయ్య దొరకబట్టినాడు. రేవు దాటి తిన్నగా తూరుపుకి పోవాల. పోయి ఎనక్కి తిరిగి సూడు. ముసిలిదాని నడుం కనపడుద్ది. ఆ నడుం కిందకి జంటతాళ్ళు రావాల. రెండు తాళ్ళూ ఒకటైపోవాల. అలగే ఒకటిగా ఒగ్గకుండా లోనికి పోవాల. అప్పుడు దచ్చినం ఏపు సూడు, యారాడ కొండ ముక్కు. ఆ ముక్కు అంచుకి తెల్లగోడ తగలాల. మూసుకుంటే ఇంకా పోవాల. ఇడిపోతే దాటిపోనావు. తగిలీ తగలనట్టుండాల. అక్కడ తాడుకి గుండు కట్టి ఒదులు. బురద తగిల్తే తప్పు నీది. రాయి తగిల్తే మా అయ్య సలవ."

ఎర్రలైటు వైపు కళ్ళు చిట్లించి చూసి, "సాలా?" అన్నాడు.

చాలన్నట్టు తలూపాను. యారాడ కొండ తప్ప ఆయన చెప్పినవేవీ నాకు తెలీవు. ముసిలిదాని నడుం ఏ కొండో, జంటతాళ్ళు ఏ తాటిచెట్లో, తెల్లగోడ ఎక్కడిదో, అవన్నీ సముద్రం మీద మగవాళ్ళు వాడుకునే పేర్లు. ఒడ్డున పుట్టి ఒడ్డున పెరిగాను గానీ, మా ఒడ్డు సముద్రం మీంచి ఎలా కనిపిస్తుందో నేనెప్పుడూ చూడలేదు. ఏది ఎక్కడుందని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే చెప్పినందుకు నాలిక్కరుచుకుంటాడేమోనని. సంతోషంతో ఏడుపొచ్చింది. నాకు చెప్పాడు. వచ్చే పోయే మగపిల్లలు పేటనిండా ఉండగా కూతురికి చెప్పాడు.

ఆ సాయంత్రం ఫ్లాటులో అన్నం వండుతూ విన్నాను, బట్టలు ఆరేస్తూ విన్నాను. మర్నాడూ, ఆ మర్నాడూ విన్నాను. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ కాకి అరిచిందో అంతా నోటికొచ్చేసింది.

చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఏ రోజు రికార్డింగు ఆ రోజు కంపెనీ ఫోల్డర్‌లో ఎక్కించాలన్న రూలు ప్రకారం దాన్నీ ఎక్కించేశాను. మూడో రోజు దేవిశ్రీ ఫోను.

"సూర్యకళగారూ, అద్భుతం! గురువులుగారు సీక్రెట్ చెప్పేశారు కదా. ఇదే మన క్లైమాక్స్. వెనక సన్నగా ఫ్లూట్ వేద్దాం."

"అది వెయ్యడానికి లేదండీ."

"అదేంటి? మైకు ముందే కదా చెప్పారు."

"నాకు చెప్పాడు. మైకుకి కాదు."

"ఎర్రలైటు వెలిగిందా అని అడిగి మరీ చెప్పారండీ, నేను విన్నాను కదా."

నేను వినిపించుకోలేదు. మా పేటలో ప్రతి చేతిలోనూ ఫోనుందనీ, ఇది బయటికొచ్చిన మర్నాడు నలభై పడవలు అక్కడ వాలతాయనీ, మూడు తరాల పార మూడు నెలల్లో ఖాళీ అయిపోతుందనీ చెప్పాను. ఒక ఇంటి గుర్తు బయటపెట్టడమంటే ఆ ఇంటి తలుపు పీకి వీధిలో పెట్టడం లాంటిదన్నాను. చెప్తున్న కొద్దీ నాకు గర్వంగా కూడా ఉంది. ఈ సంగతులు ఆవిడకేం తెలుసు?

"పోనీ, ఆయన్నే ఒకసారి అడగండి," అంది దేవిశ్రీ.

"అడగక్కర్లేదు. మా ఇంటి సంగతి నాకు తెలుసు."

వారం రోజులు అదే గొడవ. కాంట్రాక్టు ప్రకారం రికార్డింగు మొత్తం వాళ్ళదేనట. తీసి చూశాను, నిజమే, నేనే సంతకం పెట్టాను. బతిమాలాను, గట్టిగా అరిచాను, మళ్ళీ బతిమాలాను. ఆఖరికి వాళ్ళ ఎడిటరు ఆ భాగం ముట్టుకోకముందే ఒకరోజు ఫోల్డర్ తెరిచి ఫైలు చెరిపేశాను. చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. నా దగ్గరున్న కాపీని ఉంచుకుందామనుకున్నాను. కానీ ఆ ఐదు భాగాల సిరీస్ కోసం ఏ బలహీన క్షణంలో మనసు మార్చుకుంటానో అని రికార్డరులో కార్డు కూడా ఫార్మాట్ చేసేశాను. ఫైలు పాడైపోయిందని చెప్తే దేవిశ్రీ నమ్మలేదు. "సిరీస్ సంగతి తర్వాత చూద్దాంలెండి," అంది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఆ రాత్రి ఒళ్ళు మండి అన్నం తినలేదు. అయినా, ఆయన నాకు అప్పజెప్పింది నిలబెట్టాను కదా అనుకున్నాను.

నాన్న మాత్రం ఆ నెలంతా రెండు రోజులకోసారి అడుగుతూనే ఉన్నాడు. "ఎప్పుడొస్తాది?"

"పద్నాలుగో తారీకు సాయంత్రం. తెల్లారితే వేట మొదలు గదా, అందుకని ఆ రోజే ఎడతన్నారు."

"నాను సెప్పింది..."

"నువ్వేటీ బెంగెట్టుకోకు నాన్నా. అదంతా నాను సూసుకున్నాను."

తలూపేవాడు. నేను చేసింది ఆయనకి అర్థమైందనే అనుకున్నాను.

జూన్ పద్నాలుగు సాయంత్రం పేట మొత్తం ఒడ్డునే ఉంది. పడవలకి కొత్త రంగులు, ముందు కొసలకి పసుపూ కుంకం. ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నారు. నాన్న గడ్డం గీయించుకుని తెల్లచొక్కా తొడుక్కుని, షెడ్డు కింద చాపలు పరిపించి, కనపడ్డ ప్రతివాణ్ణీ పిలిచాడు. ముప్పై మంది దాకా వచ్చారు. బాబీ ఫోనుని స్పీకరుకి కలిపాడు. లైబ్రరీ అలలు మొదలవగానే ఎవరో, "ఈ సముద్రం యాడిదిరా?" అన్నారు, అందరూ నవ్వారు. అమ్మ మాట వచ్చినప్పుడు ఈలలు వేశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. స్పీకరు వైపు చెవి పెట్టి వంగి కూర్చున్నాడు. నా గొంతు ఏదో చెప్పి ముగించింది, ఫ్లూట్ వచ్చింది, ఆగింది. ఆయన ఇంకా అలాగే వంగి ఉన్నాడు.

"అయిపోనాదా?"

"అయిపోనాది నాన్నా."

"నా గుర్తేది?"

ఆయన మెచ్చుకోవడానికి ఇన్నాళ్ళూ దాచుకున్న మాట చెప్పే సమయం వచ్చిందనుకున్నాను. పక్కకి జరిగి ఆయన చెవిలో, "ఆళ్ళు ఎట్టేస్తామన్నారు. నాను ఒప్పుకోనేదు. ఎక్కడా నేకుండా తుడిచేసినాను," అన్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. శుక్లాల వల్ల నేను ఎంతవరకు కనిపించానో తెలీదు.

"పేటంతా యినాలనే గదే సెప్పినాను," అన్నాడు.

చెవిలో చెప్పలేదు, మామూలుగానే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఇంజన్లు చూసుకోవాలంటూ లేచి వెళ్ళిపోయారు. నాన్న తెల్లచొక్కా విప్పి భుజం మీద వేసుకుని ఇంట్లోకి నడిచాడు.

స్పీకరు వైరు చుడుతూ బాబీ చెప్పాడు. "ఆ పార దొరక్క మాకు నాలుగేళ్ళయింది అప్పా. జంటతాళ్ళు రిసార్టోడు కొట్టించీసినాడు. తెల్లగోడ రోడ్డు ఎడల్పులో పోనాది. ముసిలిదాని నడుం ఉంది గానీ, దాని ముందు మీ మధురవాడ బిల్డింగులు లేచినాయి. ఇప్పుడు నడుం కాదు, బాల్కనీలు కనపడతన్నాయి."

"జీపీఎస్సులో ఎక్కించుకోనేదా?"

"ఎక్కిస్తానంటే ఒద్దన్నాడు. మిషను రిపేరుకిస్తే షాపోడు కాపీ కొట్టి పదిమందికీ సెప్పేస్తాడని. ఇప్పుడు ఎక్కిద్దామంటే సోటే తెల్దు. రెండేళ్ళు ఎతికినాం. ఎక్కడ గుండొదిలినా బురదే. ఇంక దాసడానికేటుంది? మా అయ్య పేరుతో ఒక పారుండేదని నలుగురికీ తెలిస్తే సాలన్నాడు."

"నాకెందుకు సెప్పనేదురా?"

"నువ్వడిగినావా? డబ్బా ఎట్టి సెప్పు సెప్పు అన్నావు గానీ."

కోపం ఎవరి మీద చూపించాలో తెలీలేదు. చెట్లు కొట్టించినవాడి మీదా, నాలుగేళ్ళు నోరు విప్పని తమ్ముడి మీదా, అన్ని వారాలు పక్కన కూర్చోబెట్టుకుని అసలు ముక్క చెప్పని నాన్న మీదా? దేవిశ్రీ ఆ రెండు నెలల్లో నాతో ఒకే ఒక్క సరైన మాట అంది, ఆయన్నే అడగమని. ఆ ఒక్కటే నేను వినలేదు. బయటివాళ్ళకి అర్థం కాదని గర్వపడ్డాను. చెరిపెయ్యడానికి మాత్రం ఎంత తెలివిగా చెరిపేశాను! ఆ రాత్రి అమ్మ పక్కన పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి పడవలన్నీ వెళ్ళిపోయాయి. మా పడవని చిన్నాన్న కొడుకులు తీసుకెళ్ళారు. నాన్న షెడ్డు కింద ఒక్కడే, కాలి వేలికి వల తగిలించుకుని కూర్చున్నాడు. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"నాన్నా, మళ్ళీ సెప్పు. ఈపాలి నువ్వెలా సెప్తే అలా ఎట్టేస్తాను."

"ఒకపాలి సెప్పినాను గదా. ఆ రోజు నోటికి వచ్చింది, సెప్పినాను. రోజూ రమ్మంటే ఏటొస్తాది?"

"సెప్పకపోతే ఎలగ?"

"పోనీలెస్తూ. పారే పోయింది. మాట పోతే ఏటి?"

నాకు ఒళ్ళు మండింది. "నలభై ఏళ్ళు దాసినావు. నాకు మాటొచ్చిన కాడి నుంచీ సెప్పకూడదు సెప్పకూడదు అన్నావు. ఇప్పుడు నాకు నాను తెలుసుకోమంటే ఎలగ తెలుస్తాది? ఎర్రలైటు ఎలిగిందా అనడిగినోడివి, ఇది పేటకి సెప్పే గుంటా అని ఒక్క ముక్క అనలేకపోనావా?"

"సదూకున్నదానివి. తెలుస్తాదనుకున్నాను," అని ఆయనా అరిచాడు. ఇంట్లోంచి అమ్మ తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది.

ఆయన సూది పోనిస్తున్నాడు, తీస్తున్నాడు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఇది అప్పలసూరి పార. మా అయ్య దొరకబట్టినాడు. రేవు దాటి తిన్నగా తూరుపుకి పోవాల. పోయి ఎనక్కి తిరిగి సూడు..."

సూది ఆగింది. నేను ఆపలేదు. ఆయన ఊపిరి తీసుకున్నచోటే తీసుకున్నాను. జంటతాళ్ళు ఒకటయ్యాయి. యారాడ కొండ ముక్కు అంచుకి తెల్లగోడ తగిలీ తగలనట్టు నిలబడింది. గుండు వదిలాను. బురద తగిల్తే తప్పు నీది, రాయి తగిల్తే మా అయ్య సలవ.

నాన్న సముద్రం వైపు మొహం తిప్పాడు. తర్వాత, "తప్పు," అన్నాడు.

"ఎక్కడ?"

"మొదట్లోనూ, సివర్లోనూ. మీ అయ్య కాదే. మీ తాత."

"నువ్వు సెప్పినట్టే సెప్పినాను గదా."

"నాను సెప్పినట్టు నాను సెప్పాల. నువ్వు సెప్పినప్పుడు నీ మాటగా సెప్పు."

రాత్రి షిఫ్టు దిగి వచ్చిన బాబీ బండి ఆపి, హెల్మెట్టు చేత్తో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఇంట్లోకి వెళ్ళబోతుంటే నాన్న పిలిచాడు.

"ఒరే, కూకో. మీ అప్ప సెప్తంది." నా వైపు తిరిగి, "డబ్బా తే," అన్నాడు.

స్కూటీ డిక్కీలోంచి రికార్డరు తెచ్చి, అలవాటుగా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి, మైకు నా వైపు వచ్చేలా తిప్పి పెట్టాడు. కాలి వేలి నుంచి వల విప్పాడు.

"ఎర్రలైటు ఎలిగిందా?"

"ఎలిగింది."

"మరి సెప్పు."

"ఇది అప్పలసూరి పార," అన్నాను. "మా తాత దొరకబట్టినాడు."